మొదటి కరీబియన్ క్రూజ్: పోర్టుకి ఒక్క పనే పెట్టుకోండి

టెక్సాస్‌లో ఉండే మనవాళ్ళకి క్రూజ్ అంటే ముందు గుర్తొచ్చేది గాల్వెస్టనే. హ్యూస్టన్ నుంచి గంట డ్రైవ్, డాలస్ నుంచి దాదాపు ఐదు గంటలు. ఫ్లైట్ టికెట్ల ఖర్చు ఉండదు. అందుకే థాంక్స్‌గివింగ్ దగ్గర పడుతుంటే హ్యూస్టన్ పక్కన కేటీలో ఉన్న మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "వదినా, ఏ టూర్లు బుక్ చేయమంటారు? పెద్దవాళ్ళకి అన్నం దొరుకుతుందా? పిల్లలకి బోర్ కొట్టదా?" అందరికీ విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాసేస్తున్నాను. నేను మాట్లాడేది గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రులు తిరిగే పశ్చిమ కరీబియన్ రూట్ గురించి. ఎక్కువగా అందులో ఉండేవి హోండురాస్‌లో రోటాన్, మెక్సికోలో కోస్టా మాయా, కొజుమెల్. మిగతా మూడు రోజులూ సముద్రం మీదే.

టూర్ల సంగతి తర్వాత. డిపాజిట్ కట్టకముందే ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ డైనింగ్ టేబుల్ మీద పెట్టి, వీసా తేదీలు ఒక్కొక్కటీ చూడండి. పాస్‌పోర్టులో హెచ్-1బీ స్టాంపు గడువు తీరిపోయినవాళ్ళు "ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉందిగా, ఏం ఫరవాలేదు" అంటుంటారు. అంటే గడువు తీరిన వీసాతోనే మళ్ళీ అమెరికాలోకి రానివ్వడం. హెచ్-1బీ, బీ-2 (విజిటర్ వీసా) వాళ్ళకి ఆ వెసులుబాటు 30 రోజుల్లోపు కెనడా, మెక్సికో మాత్రమే వెళ్ళొచ్చేవాళ్ళకి. మధ్యలో రోటానో బెలీజో తగిలిందంటే అది వర్తించదు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉన్నవాళ్ళు అటార్నీని అడక్కుండా ఓడ ఎక్కొద్దు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీది, తేదీ మిగిలినదీ అయ్యుండాలి. అది ఉంటే మన పాస్‌పోర్టుకి మెక్సికో వేరే వీసా అడగదు. మిగతా దేశాలకి మీ రూట్ పేరు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదో రాసి క్రూజ్ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. వచ్చిన జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. ఇక్కడ పుట్టిన పిల్లలకి, బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే క్రూజ్ అయితే బర్త్ సర్టిఫికెట్ సరిపోతుంది. అయినా పాస్‌పోర్ట్ చేయించండి. ఎక్కడైనా ఓడ తప్పిపోయి విమానం ఎక్కాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు.

ఇన్సూరెన్స్ కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఓడ మీద డాక్టర్ ఉంటారు గానీ బిల్లు మీ రూమ్ ఖాతాలో పడుతుంది. పెద్దవాళ్ళకి కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా దాటాక పనిచేస్తుందో లేదో పాలసీ కాగితంలో చదవండి. పనిచేయదంటే, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు కూడా కలిసిన ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే కొనండి.

చేతిలో ఉండే గంటలు ఎన్ని

షెడ్యూల్లో "కొజుమెల్, 8 నుంచి 5" అని ఉంటుంది. తొమ్మిది గంటలు అని అందరూ సంబరపడతారు. లెక్క వేసి చూడండి. ఎనిమిదికి షిప్ రేవుకి చేరినా, అక్కడి అధికారులు అనుమతి ఇచ్చి గేటు తీసేసరికి ఎనిమిదిన్నర. లిఫ్టుల దగ్గర జనం, ఎండలో పొడుగాటి పియర్ (ఓడ ఆగే కట్ట) మీద నడక, నగల కొట్లూ టీషర్టుల కొట్లూ దాటుకుని టాక్సీ లైను చేరేసరికి తొమ్మిదింబావు. అటువైపు చూస్తే, ఐదుకి బయల్దేరే ఓడకి అందరూ ఎక్కేసి ఉండాల్సిన టైము నాలుగున్నర. పెద్దవాళ్ళూ పిల్లలూ ఉంటే మీరు మూడున్నరకే పియర్ దగ్గర ఉండాలి. మిగిలింది ఆరు గంటలు. అందులో ఎండకి తట్టుకుని తిరగగలిగేది నాలుగు. అందుకే నేను పోర్టుకి ఒక్క పనే పెట్టుకోమంటాను. పొద్దున గుడి, మధ్యాహ్నం బీచ్, సాయంత్రం షాపింగ్ అని కాగితం మీద రాసుకున్నవాళ్ళు మూడూ సగం సగం చేసి, టాక్సీలో పోట్లాడుకుంటూ వస్తారు.

ఆ ఒక్క పని ఎలా ఎంచుకోవాలంటే, గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరో చూడండి. ఆ పోర్టులో వాళ్ళు హాయిగా చేయగలిగేదే ప్లాన్. మిగిలినవాళ్ళకి ఆవేశం ఎక్కువగా ఉంటే విడిపోవచ్చు. అందరూ కట్టకట్టుకుని తిరగాలని రూలేం లేదు.

గడియారం గురించి ఒక ముఖ్యమైన మాట. మీరు పాటించాల్సింది షిప్ టైము, ఫోన్ చూపించే టైము కాదు. కొజుమెల్, కోస్టా మాయా ఉన్న క్వింటానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే టైము పాటిస్తోంది. హోండురాస్‌లోనూ గడియారాలు మార్చరు. టెక్సాస్‌లో మాత్రం మారుస్తారు. చలికాలంలో కొజుమెల్‌లో దిగితే ఫోన్ గంట ముందుకు దూకుతుంది. దానివల్ల నష్టమేం లేదు, తొందరగా వచ్చేస్తారంతే. వేసవిలో రోటాన్‌తోనే ప్రమాదం. షిప్ గాల్వెస్టన్ టైములోనే ఉంటే, ఫోన్ మూడున్నర చూపిస్తున్నప్పుడు ఓడ మీద నాలుగున్నర. ఫోన్లో ఆటోమేటిక్ టైము ఆపేయండి. చేతికి మామూలు వాచీ పెట్టుకుంటే ఇంకా మంచిది. షిప్ టైము మారుస్తారో లేదో ముందురోజు రాత్రి యాప్‌లో చెబుతారు.

షిప్ వాళ్ళ టూరా, బయట టూరా

షిప్ అమ్మే టూర్లు ఖరీదెక్కువ, గుంపులు పెద్దవి. కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా మాట్లాడుకున్న టాక్సీ ఆలస్యమైతే ఆగదు. తర్వాతి పోర్టుకో ఇంటికో మీ డబ్బుతో మీరు చేరుకోవాలి. వాతావరణం బాగాలేక షిప్ ఆ పోర్టుకే వెళ్ళకపోతే షిప్ టూర్ డబ్బులు వాటంతటవే వెనక్కొస్తాయి. బయటివాళ్ళతో అయితే వాళ్ళ షరతులు ముందే చదువుకోవాలి.

నా పద్ధతి చెబుతాను. మధ్యలో ఫెర్రీ ఉన్నా, పోర్టు నుంచి గంట, అంతకన్నా ఎక్కువ దూరం ఉన్నా షిప్ టూరే. దీవిలోనే, టాక్సీలో అరగంటలో చేరే చోటైతే సొంతంగా. కొజుమెల్ టాక్సీలకి మీటర్లు ఉండవు, ఏ ప్రాంతానికి ఎంతో రేట్లు ఉంటాయి. ఎక్కేముందే ఎంత, అది డాలర్లా పెసోలా, బండికా మనిషికా, రానూపోనూనా అని నాలుగూ అడిగేయండి. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు బాగా పట్టుకెళ్ళండి. ఇరవై ఇస్తే చిల్లర రావడం కష్టం.

కొజుమెల్

మా మామయ్యగారు తెనాలిలో హిస్టరీ మాస్టారుగా రిటైరయ్యారు. ఆయనకి మాయన్ శిథిలాలంటే తులుమే. సముద్రం పక్కన కొండ అంచు మీద కోట, ఫోటోల్లో ఎవరికైనా నోరూరుతుంది. కానీ కొజుమెల్ నుంచి తులుం వెళ్ళాలంటే ప్లాయా డెల్ కార్మెన్‌కి ఫెర్రీ ముప్పావు గంట, అక్కడినుంచి బస్సు గంట, మళ్ళీ వెనక్కి అంతే. చూడ్డానికి మిగిలేది ఎర్రటి ఎండలో కాసేపు. పైగా ఆ ఫెర్రీ బాగా ఊగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారితో అది కుదిరే పని కాదు.

అదే దీవి మధ్యలో శాన్ హెర్వాసియో ఉంది. పోర్టు నుంచి టాక్సీలో దగ్గరే. పెద్ద పిరమిడ్లేం ఉండవు. చెట్ల నీడలో చిన్న చిన్న రాతి కట్టడాలు, తెల్లటి దారులు, ఎక్కడ చూసినా ఎండ కాచుకునే ఇగ్వానాలు, అంటే పెద్ద తొండల్లాంటివి. ఒక కట్టడం పేరు లాస్ మానితాస్, అంటే చిన్ని చేతులు. గోడ మీద ఎర్రరంగు చేతి ముద్రలుంటాయి, దగ్గరికెళ్ళి వంగి చూస్తేగానీ కనబడవు. ఇది ఇష్‌చెల్ అనే దేవత క్షేత్రం. చంద్రుడికీ, పురుళ్ళకీ ఆవిడే దేవత. మాయా స్త్రీలు అవతలి తీరం నుంచి పడవల్లో సముద్రం దాటి వచ్చి మొక్కుకునేవారట. "అయితే మన షష్ఠీదేవి లాంటిదన్నమాట" అన్నారు అత్తయ్యగారు. మామయ్యగారు అరగంట లెక్చరు ఇచ్చినా అంత బాగా చెప్పలేరు.

శిథిలాలు వద్దనుకుంటే చాంకనాబ్ పార్క్, లేదా పడవలో పలంకార్ రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గర స్నార్కెలింగ్, అంటే మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ లోపలికి చూడటం. ఈ రెండింటిలో ఒకటే. పిల్లలకి ఈత రాకపోతే చాంకనాబ్.

స్నార్కెలింగ్ అనగానే మనవాళ్ళు "మాకు ఈత రాదు" అని ఒడ్డునే కూర్చుంటారు. లైఫ్ వెస్ట్ ఇస్తారు, అది వేసుకుంటే మునగమన్నా మునగరు. ఈతకన్నా పెద్ద సమస్య మాస్క్. ఇచ్చినది ఇచ్చినట్టు పెట్టుకోవద్దు. పట్టీ తలకి తగిలించకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేయి వదిలేయండి. ముఖానికి అంటుకుని ఉంటే సరిపోయినట్టు. జారిపోతే ఇంకోటి అడగండి. నుదుటి మీద వెంట్రుక పాయ ఒక్కటి లోపల ఇరుక్కున్నా నీళ్ళు వచ్చేస్తాయి. మీసాలున్నవాళ్ళు మీసం మీద కాస్త వాజిలిన్ రాసుకోవాలి. అద్దం మసకబారకుండా లోపలివైపు ఒక చుక్క బేబీ షాంపూ రుద్ది, నీళ్ళతో తొలిపి పెట్టుకోండి. ఒడ్డు దగ్గర నడుము లోతులో నిలబడి, తల నీళ్ళలో పెట్టి, నోటితో ఊపిరి తీయడం ఒక ఐదు నిమిషాలు అలవాటు చేసుకున్నాకే ముందుకు వెళ్ళండి. మాస్క్, గొట్టం ఇంటి దగ్గరే కొనుక్కుని సబ్‌డివిజన్ పూల్లో సాధన చేసి వస్తే పిల్లలు అస్సలు భయపడరు. సన్‌స్క్రీన్ పగడాలకి హాని చేస్తుందని అక్కడి పార్కుల్లో అభ్యంతరం పెడతారు, కాబట్టి అందరికీ పొడుగు చేతుల రాష్ గార్డ్ (ఈత చొక్కా) కొనేయండి.

కోస్టా మాయా, రోటాన్

కోస్టా మాయా ఊరు కాదు, క్రూజ్ షిప్పుల కోసం కట్టిన రేవు. అసలు ఊరు పక్కనున్న మహావల్. రేవులోనే పూల్, కొట్లు, రెస్టారెంట్లు ఉంటాయి. ఎండాకాలంలో ఇక్కడ బీచ్ మీద ఆశ పెట్టుకోవద్దు. సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది, కుళ్ళితే కోడిగుడ్ల వాసన. కొజుమెల్‌లో షిప్పులు ఆగేది పడమటి ఒడ్డున కాబట్టి అక్కడ ఆ బాధ తక్కువ. కోస్టా మాయా రోజుని చక్చోబెన్‌కి కేటాయించండి. బస్సులో గంట ప్రయాణం, నా లెక్క ప్రకారం షిప్ టూర్. అడవిలో మాయన్ పిరమిడ్లు, జనం తులుంలో కన్నా చాలా తక్కువ, నడకంతా చాలావరకు నీడలోనే. తులుం పోయిందన్న బాధ మామయ్యగారికి ఇక్కడ తీరింది. నడవలేనివాళ్ళు ఆ రోజు ఓడ దిగకపోయినా నష్టం లేదు. పూల్ ఖాళీగా దొరికేది అప్పుడే.

రోటాన్‌లో ఒక్క పని అంటే వెస్ట్ బే బీచ్. తెల్లటి ఇసుక, ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్ళేంత దగ్గరలో పగడపు దిబ్బ. ప్రపంచంలో రెండో పెద్ద బారియర్ రీఫ్‌లో భాగం అది. కుర్చీలు, గొడుగు, బాత్రూమ్ వాడుకునేలా ఏదైనా రిసార్ట్ డే పాస్ తీసుకుంటే పెద్దవాళ్ళకి సుఖం. స్లాత్‌ని (చెట్లకి వేలాడుతూ నెమ్మదిగా కదిలే జంతువు) ఎత్తుకుని ఫోటో దిగే టూర్లు ఇక్కడ తెగ అమ్ముతారు. నేను వద్దంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు మారుతూ ఉండటం ఆ జంతువుకి నరకం. ఈ దీవిలో ఇంగ్లీషు బాగా నడుస్తుంది. 1859 ఒప్పందంతో హోండురాస్‌కి ఇచ్చేదాకా ఇది బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉండేది. పుంటా గోర్డా అనే ఊళ్ళో గరిఫునా ప్రజలుంటారు. 1797లో సెయింట్ విన్సెంట్ నుంచి బ్రిటిష్ వాళ్ళు ఓడల్లో తెచ్చి ఈ దీవిలో దింపేసిన వాళ్ళ వారసులు. బీచ్ అక్కర్లేదు, మనుషుల్ని చూడాలి అనుకునేవాళ్ళు అక్కడికి వెళ్ళండి.

రూట్‌లో బెలీజ్ గానీ గ్రాండ్ కేమన్ గానీ ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి. పెద్ద షిప్ సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న పడవలో ఒడ్డుకు తీసుకెళ్తారు. బెలీజ్‌లో ఆ పడవ ప్రయాణమే ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ఊగే పడవలోకి అడుగు వేయడం మోకాళ్ళకి పరీక్ష. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్, అప్పుడు కెప్టెన్ రూటే మార్చేయొచ్చు. అందుకే ఫలానా పోర్టు కోసమే క్రూజ్ కొనొద్దు. అన్నట్టు, ఎప్పుడైనా తూర్పు వైపు మార్టినిక్, గ్వాడెలూప్ వెళ్ళే రూట్ దొరికితే వదలకండి. 1853, 1854ల నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల మీదుగా మనవాళ్ళని చెరకు తోటల్లో కూలికి తీసుకెళ్ళారు. ఎక్కువమంది తమిళులే, తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడి హోటళ్ళలో కొలంబో పేరుతో వడ్డించే మసాలా కూర వాళ్ళ వల్ల వచ్చిందే.

ఓడ మీద

రైస్ కుక్కర్ తీసుకెళ్ళొద్దు. కెటిల్, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీ పెట్టె కూడా. స్కానింగ్‌లో పట్టుకుని దాచేసి చివరి రోజు ఇస్తారు. ఇంట్లో వండిన పులిహోర, గారెలూ లోపలికి రానివ్వరు. సీలు విప్పని కొట్టు సరుకు అయితే మామూలుగా ఏమీ అనరు, కాబట్టి కందిపొడి, కరివేపాకు పొడి, పచ్చడి ప్యాకెట్లలోవి పెట్టుకోండి. మొదటి రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌ని పిలిచి "రేపటి నుంచి మా టేబుల్‌కి ఇండియన్ వెజిటేరియన్" అని చెప్పండి. మెనూలో లేకపోయినా పప్పు, కూర, అన్నం, అప్పడం తెప్పిస్తారు. కిచెన్లో గోవా, కేరళ, మంగళూరు వాళ్ళు ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. కారం కావాలంటే గట్టిగా చెప్పాలి, అడగందే వెయ్యరు. పెరుగన్నానికి అత్తయ్యగారి టెక్నిక్ చెబుతాను: పొద్దున బఫేలో ప్లెయిన్ యోగర్ట్ రెండు కప్పులు తెచ్చి రూమ్ ఫ్రిజ్‌లో పెట్టేవారు. మధ్యాహ్నం బఫేలో తెల్లన్నం తీసుకుని, అందులో కలిపి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆవకాయ ప్యాకెట్ తీసేవారు.

రూమ్ చిన్నది. గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు అరడజను తెచ్చుకుంటే తడి బట్టలు, టోపీలు, బ్యాగులు అన్నీ గోడకే. బాత్రూమ్‌లోకి ప్లాస్టిక్ మగ్గు మర్చిపోవద్దు. మీరు టెర్మినల్‌లో ఇచ్చే పెద్ద సూట్‌కేసులు రూమ్‌కి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. మందులు, పాస్‌పోర్టులు, స్విమ్ డ్రెస్సులు భుజం సంచిలో ఉంచుకోండి. గాల్వెస్టన్‌లో టెర్మినల్స్ ఒకటి కాదు, మీది ఏదో పార్కింగ్ కొనేముందే చూసుకోండి.

ఎక్కిన రోజు చేయాల్సినవి: మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూసి హాజరు వేయించుకోవడం. ఇది తప్పనిసరి, ముందే చేసేస్తే తీరిపోతుంది. తర్వాత యాప్‌లో షోలు బుక్ చేయడం, పిల్లల్ని కిడ్స్ క్లబ్‌లో నమోదు చేయించడం. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి షిప్ వైఫై ఒక్కటే ఆన్ చేయండి. సముద్రం మీద ఫోన్ నెట్‌వర్క్ తగులుకుంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. డైపర్ వేసే పిల్లల్ని మామూలు పూల్లోకి దించనివ్వరు, స్విమ్ డైపర్ అయినా సరే.

డబ్బుల విషయంలో టికెట్ ధర చూసి మురిసిపోవద్దు. టిప్పులే మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో పడతాయి, చంటిపిల్లలకి మినహాయింపు ఉంటే ఉంటుంది. మందు ప్యాకేజీ రూమ్‌లో ఒకరు కొంటే రెండో పెద్దమనిషీ కొనాలనే రూల్ చాలా కంపెనీల్లో ఉంది. మా ఆయనకి బీరు, నాకు మజ్జిగ లాంటి ఇళ్ళల్లో అది గిట్టుబాటు కాదు. విడిగా కొనుక్కోవడమే చవక. ఖాతా రోజూ రాత్రి యాప్‌లో చూసుకోండి, తప్పులుంటే గెస్ట్ సర్వీసెస్‌లో ఆ రోజే సరిచేస్తారు. ఆఖరి రోజు అక్కడ తిరుపతి క్యూ.

తల తిరిగే రకం ఎవరైనా ఉంటే ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో రూమ్ తీసుకోండి. చలికాలంలో ఉత్తరపు గాలి వీస్తే మొదటి రాత్రే ఊగుతుంది. మెక్లిజిన్ మాత్ర వికారం మొదలయ్యాక కాదు, గంట ముందే వేసుకోవాలి. బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి వేసుకోండి. చేతులు సబ్బుతో కడగండి. ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ పెద్దగా లొంగదు.

ఫార్మల్ నైట్ అంటే టక్సీడో కొనాలేమో అని టెన్షన్ పడక్కర్లేదు. పట్టుచీర, కుర్తా బ్రహ్మాండంగా చెల్లుతాయి. మెట్ల దగ్గర ఫోటోగ్రాఫర్ వద్దన్నా వదలడు. దిగడం ఉచితం, కొంటేనే డబ్బులు.

ఆఖరి రాత్రి సూట్‌కేసులు ట్యాగులు కట్టి బయట పెట్టమంటారు. పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు వాటిలో పెట్టేసి నైటీతో మిగిలిపోకండి. మీ సామాను మీరే మోసుకోగలిగితే బయట పెట్టకుండా ఉంచుకోండి, అలాంటివాళ్ళని ముందు దింపుతారు. బఫేలోంచి తెచ్చిన అరటిపండు, ఆపిల్ పిల్లల బ్యాగుల్లో ఉంటే తీసి పారేయండి, కస్టమ్స్‌లో అదొక తలనొప్పి. విమానంలో వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం దాటాకే టికెట్ తీసుకోండి. హ్యూస్టన్‌లోని రెండు ఎయిర్‌పోర్టుల్లో హాబీ దగ్గర, బుష్ ఇంకా చాలా దూరం. జనవరి, ఫిబ్రవరుల్లో అయితే గాల్వెస్టన్ ఛానెల్ మీద పొగమంచు కమ్ముతుంది. అది తొలిగేదాకా షిప్పుల్ని లోపలికి రానివ్వరు, గంటల తరబడి బయటే ఆగాల్సి రావచ్చు. ఆదివారం దిగే క్రూజ్ అయితే ఆఫీసుకి సోమవారం కూడా సెలవు పెట్టేయండి. పొగమంచు లేకపోతే బట్టలు ఉతుక్కోవడానికి పనికొస్తుంది.